మీ ఆటకు మీరే బొమ్మలు గీయండి

పిల్లలూ, మీలో కంప్యూటరు మీదనో, సెల్‌ఫోను మీదనో ఆటలు ఆడనివారు తక్కువ. ఆడగా ఆడగా కొందరికి ఒక కోరిక పుడుతుంది: "ఎవరో చేసిన ఆట ఎన్నాళ్ళు ఆడేది? మనమే ఒక ఆట చేస్తే?" అని. మంచి కోరికే! అయితే ఆట చెయ్యటంలో రెండు పనులున్నాయి. ఒకటి, ఆట ఎలా నడవాలో కంప్యూటరుకు చెప్పటం. రెండోది, ఆటకు కావలసిన బొమ్మలు గీయటం. మొదటి పని బడిలో నేర్చుకున్నవాళ్ళు కూడా రెండో పని దగ్గర ఆగిపోతూ ఉంటారు. ఎందుచేతనంటే, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఒక అన్న ఒకటి మంచిదంటాడు, ఒక అక్క ఇంకొకటి మంచిదంటుంది. చివరకు నాలుగైదు దించుకుని, ఏదీ సరిగా నేర్చుకోక, అసలు ఆట సంగతే మరిచిపోతారు.

అలా కాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? దీనికి జవాబు అనంతపురం సీమలో ఎప్పటినుంచో ఉన్నది. చెప్పేవారిలో చాలామంది కంప్యూటరు ముట్టుకోనివారే. రండి, ఒకసారి అక్కడికి వెళ్ళి వద్దాం.

ఏ ఉలి గొప్పది?

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరున్నది. 2022 ఏప్రిల్ దాకా అది అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. ఆ ఊళ్ళో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. వారు మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు అవతలికి కనిపించేంత పలచగా తయారుచేస్తారు. దానిమీద రాముణ్ణో, హనుమంతుణ్ణో గీస్తారు. ఉలితో కొట్టి నగలకూ, అంచులకూ సన్నని రంధ్రాలు చేస్తారు. రంగులు వేస్తారు. చేతులూ, కాళ్ళూ విడివిడిగా కోసి, కీళ్ళ దగ్గర దారంతో ముడివేస్తారు. రాత్రిపూట తెల్లని గుడ్డ కట్టి, వెనక దీపం పెట్టి, బొమ్మను గుడ్డకు ఆనించి ఆడిస్తే, ఇవతల కూర్చున్నవారికి హనుమంతుడు సముద్రం దాటి లంకకు పోతున్నట్టే ఉంటుంది. మధ్యమధ్య కేతిగాడూ, బంగారక్కా వచ్చి కడుపుబ్బ నవ్విస్తారు.

ఆలోచించి చూడండి. ఒక తెర, దాని వెనక వెలుతురు, తెరమీద కదిలే బొమ్మ. మీ సెల్‌ఫోనులో ఉన్నదీ ఇదే గదా!

తోలుబొమ్మ చేసేవారి దగ్గర ఉలి ఒక్కటే ఉండదు. ఒక్కొక్క తీరు రంధ్రానికి ఒక్కొక్క ఉలి ఉంటుంది. "వీటన్నిటిలోకి గొప్ప ఉలి ఏది?" అని అడిగితే ఆయన నవ్వి, "మీకు కావలసిన రంధ్రం ఎలాటిదో ముందు చెప్పండి" అంటాడు. సాఫ్ట్‌వేరు విషయంలోనూ మీరు జ్ఞాపకం పెట్టుకోవలసిన మొదటి మాట ఇదే. ముందు బొమ్మ, తరవాతనే పనిముట్టు.

కాబట్టి మనం ముందు ఒక ఆట అనుకుందాం.

నీళ్ళబిందె ఆట

అనంతపురం పీఠభూమిలో వానలు తక్కువ. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలమీద చాలావరకు కురిసి, ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడిపోతాయి. బంగాళాఖాతం కూడా దూరమే. అందుచేత సగటున సంవత్సరానికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గొప్ప. ఆ కాస్త వానను నమ్ముకునే ఎర్రనేలల్లో వేరుశనగ వేస్తారు. నీళ్ళ విలువ అక్కడి పిల్లలకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

మన ఆటలో ఒక పాప నీళ్ళబిందె చంకన పెట్టుకుని, గుండ్లమధ్య దారివెంట నడిచి, ఎండిపోతున్న శెనగచేనుకు నీళ్ళు చేర్చాలి. గంతువేస్తే నీళ్ళు తొణుకుతాయి. దారిలో మేక అడ్డం వస్తుంది. చేను చేరేసరికి బిందెలో ఎన్ని నీళ్ళు మిగిలితే అన్ని మొక్కలు బతుకుతాయి. చిన్న ఆటే. కాని ఆడేవాడికి ఒక్కొక్క నీటిచుక్క మీదా ప్రాణం ఉంటుంది.

దీనికి బొమ్మలు ఎక్కడివి? మనం ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చునని గీసినవారే అనుమతి ఇచ్చిన బొమ్మలు ఇంటర్నెట్‌లో చాలా దొరుకుతాయి. వాటిని వాడటంలో తప్పు లేదు. కాని వెతికి చూడండి: పచ్చిక మైదానాలు, మంచుకొండలు, రాతికోటలు, కత్తి పట్టిన వీరులు కనిపిస్తారు. ఎర్రమట్టి దారి, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లకొండలు, రామగిరి దగ్గరి గాలిమరలు, పసుపుపచ్చని పూలు పూసిన శెనగచేను కనిపించటం కష్టం. చంకన బిందె పెట్టుకున్న పాప అసలే దొరకదు. మన ఊరు తెరమీదికి రావాలంటే దాన్ని మనమే గీయాలి. మనం గీయకపోతే మన పాప పచ్చికలో, మంచులో నడవవలసిందే!

ఇక గీయటం ఎలాగో చూద్దాం. ఆటలకు కావలసిన బొమ్మలు ముఖ్యంగా నాలుగు రకాలు. ఆ నాలుగింటికీ ఆ సీమలోనే నలుగురు గురువులున్నారు.

మొదటి గురువు: ధర్మవరం మగ్గం

ధర్మవరం పట్టుచీరలకు పేరు. చీర అంచుమీద హంసో, మామిడిపిందో నెయ్యాలంటే ముందు ఆ బొమ్మను గళ్ళ కాగితం మీద గీస్తారు. ఏ గడిలో రంగు ఉండాలి, ఏ గడి ఖాళీగా ఉండాలి అని ఒక్కొక్క గడినీ నింపుతారు. ఆ గళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గంపైన ఉండే జకార్డు అనే యంత్రంలో తిరుగుతూ ఉంటే, రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఈ యంత్రాన్ని ఫ్రాన్సు దేశపు జకార్డు 1804లో తయారుచేశాడు. కంప్యూటర్లకు కూడా మొదటి రోజుల్లో రంధ్రాలున్న అట్టలతోనే పని చెప్పేవారు!

కంప్యూటరు తెర కూడా గళ్ళ కాగితమే. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. గళ్ళు లెక్కపెట్టుకుంటూ గీసే బొమ్మను పిక్సెల్ బొమ్మ అంటారు. 1981లో జపాను దేశస్థుడు షిగెరు మియమోటో ఒక ఆటకు బొమ్మ గీస్తున్నాడు. గళ్ళు చాలా కొద్ది. వెంట్రుకలు గీయటానికి చోటు లేదు; అందుచేత నెత్తిన టోపీ పెట్టాడు. ముక్కు స్పష్టంగా కనిపించాలి; అందుచేత కింద మీసం పెట్టాడు. ఆ బొమ్మే తరవాత మారియో అన్న పేరుతో లోకమంతటా ప్రసిద్ధికెక్కింది. అమెరికాలో సుసాన్ కేర్ అనే చిత్రకారిణి కూడా, 1984లో వచ్చిన మాకింటోష్ కంప్యూటరుకు చిన్న చిన్న గుర్తులు గీయవలసి వచ్చినప్పుడు, ముందుగా గళ్ళ కాగితాల పుస్తకం కొనుక్కున్నది. ఒక్కొక్క గుర్తుకూ అడ్డంగా 32 గళ్ళు, నిలువుగా 32 గళ్ళు.

మన పాపను 16 గళ్ళ వెడల్పు, 16 గళ్ళ ఎత్తులో గీశామనుకోండి. మొత్తం 256 గళ్ళు. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. నడక చూపించటానికి నాలుగు బొమ్మలు గీసినా 1,024 గళ్ళే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇంతకంటె మంచి దారి లేదు.

దీనికి తగిన సాఫ్ట్‌వేర్లు పిస్కెల్, లిబ్రెస్ప్రైట్, ఏస్‌ప్రైట్. మొదటి రెండూ ఉచితం. ఏస్‌ప్రైట్‌ను డబ్బిచ్చి కొనుక్కోవాలి. అయితే ఒక్కసారి కొంటే చాలు. నిజానికి లిబ్రెస్ప్రైట్ పూర్వపు ఏస్‌ప్రైట్ నుంచి పుట్టినదే. వీటిలో మీరు చూడవలసిన సౌకర్యం ఒకటున్నది. నడకలో రెండో బొమ్మ గీసేటప్పుడు మొదటి బొమ్మ కింద మసకగా కనిపిస్తూ ఉండాలి. పూర్వం బొమ్మల సినిమాలు తీసేవారు పలచని కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని ఇలాగే గీసేవారు. మనం ఉల్లిపొర కాగితం అంటామే, అదే పేరు ఈ సౌకర్యానికీ ఉన్నది.

ఒక హెచ్చరిక. పిక్సెల్ బొమ్మను పెద్దది చెయ్యవలసివస్తే సరిగా రెండింతలు, మూడింతలు, నాలుగింతలు అని పూర్ణసంఖ్యలతోనే పెంచండి. ఒకటిన్నర రెట్లు పెంచితే గళ్ళు కొన్ని లావుగా, కొన్ని సన్నగా అయి పాప ముఖం వంకర తిరుగుతుంది.

రెండో గురువు: వాకిట్లో ముగ్గు

అమ్మ ముగ్గు వేసేటప్పుడు మీరు చూసే ఉంటారు. ముందు చుక్కలు పెడుతుంది. తరవాత చుక్కలను కలుపుతూ, చుక్కల చుట్టూ తిప్పుతూ గీతలు గీస్తుంది. సంక్రాంతికి వాకిలంతా నిండే పెద్దముగ్గు కావాలంటే ఏం చేస్తుంది? చుక్కలు ఎడంగా పెడుతుంది. ముగ్గు పెద్దదవుతుంది గాని గీత మసకబారదు.

రెండో రకం బొమ్మలు ఇలాటివే. వీటిని వెక్టర్ బొమ్మలంటారు. ఇందులో కంప్యూటరు గళ్ళను కాక, చుక్కలు ఎక్కడున్నవీ, ఒక చుక్కనుంచి ఇంకొక చుక్కకు గీత ఎలా వంగిందీ అన్న సంగతి జ్ఞాపకం పెట్టుకుంటుంది. అందుచేత ఈ బొమ్మను గోరంత చేసినా, గోడంత చేసినా అంచులు చక్కగా ఉంటాయి. మన ఆటలో బిందె, మీటలు, పాయింట్ల అంకెలు, గాలిమర రెక్కలు వంటివాటికి ఇది బాగా పనికివస్తుంది. గాలిమర రెక్కను ఒకటి గీసి, మూడు నకళ్ళు తిప్పి పెడితే మర తయారు!

ఈ పనికి ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉన్నది. 2003లో మొదలయింది. ఐతే ఇందులో చేతికి తోచినట్టు గీయటం కాదు. చుక్క పెట్టి, పట్టి, వంచాలి. మొదటి రెండు రోజులు విసుగు పుడుతుంది. ముగ్గు వేయటం వచ్చినవాళ్ళకు త్వరగా పట్టుబడుతుందని నా నమ్మకం.

మూడో గురువు: లేపాక్షి కప్పు

లేపాక్షి వీరభద్రస్వామి ఆలయంలో తల ఎత్తి కప్పు వంక చూస్తే రంగుల బొమ్మలు బారులు తీరి కనిపిస్తాయి. 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో వేసినవి అవి. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు వంటి కొద్ది రంగులే. ముఖాలు చాలావరకు ఒక పక్కకు తిరిగి ఉంటాయి. ముక్కు, గడ్డం, కళ్ళు స్పష్టంగా తెలుస్తాయి. తోలుబొమ్మల ముఖాలు కూడా ఈ తీరులోనే ఉంటాయి. మనకు ఇందులో మంచి పాఠం ఉన్నది: చిన్న తెరమీద బొమ్మ ఎవరో చప్పున తెలియాలంటే పక్కవాటు ముఖమూ, కొద్ది రంగులూ మేలు.

కుంచెతో రంగు పులిమినట్టు గీసే బొమ్మలు మూడో రకం. మన ఆటలో వెనక కనిపించే ఆకాశం, గుండ్లకొండలు, సాయంత్రపు ఎర్రని వెలుగు ఇలా వెయ్యాలి. ఇందుకు క్రీటా అనేది చాలా బాగుంటుంది. స్వీడన్ దేశపు భాషలో ఆ మాటకు సుద్ద అని అర్థం. రకరకాల కుంచెలు ఇందులో ఉన్నాయి. ఇంకొకటి గింప్. దీన్ని అమెరికాలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టి, 1996లో లోకానికి ఇచ్చారు. ఫోటోను కత్తిరించటం, రంగు మార్చటం, కొలత సరిచెయ్యటం వంటి పనులకు గింప్. కుంచెతో కొత్తగా వెయ్యటానికి క్రీటా. రెండూ ఉచితమే.

కాని ఒక లెక్క చూడండి. 16 గళ్ళ పాపబొమ్మను కంప్యూటరు తెరిచి పెట్టుకోవటానికి 1,024 బైట్లు చాలు. అడ్డంగా 1,920, నిలువుగా 1,080 గళ్ళున్న వెనకతెరకు 82,94,400 బైట్లు కావాలి, అంటే ఎనిమిదివేల రెట్లు! దానిలో పది పొరలు పెడితే ఆ లెక్క పది ఇంతలవుతుంది. పాత కంప్యూటరు ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. మీ బడిలోని కంప్యూటరు పాతదైతే తప్పు క్రీటాది కాదు, మీదీ కాదు. వెనకతెర కొలత సగానికి తగ్గించండి. లేదా గళ్ళ బొమ్మలతోనే ఆట అంతా నడపండి.

నాలుగో గురువు: తోలుబొమ్మ కీలు

మళ్ళీ నిమ్మలకుంటకు వద్దాం. హనుమంతుడు చెయ్యి ఎత్తితే ఒక బొమ్మ, దించితే ఇంకొక బొమ్మ చేస్తారా? చెయ్యరు. చెయ్యి విడిగా చేసి, భుజం దగ్గర ముడివేస్తారు. ఒక్క బొమ్మే వంద రకాలుగా కదులుతుంది.

మన పాపను కూడా అలా చెయ్యవచ్చు. తల, మొండెం, రెండు చేతులు, రెండు కాళ్ళు, బిందె మొత్తం ఏడు ముక్కలు. ఒక్కొక్క ముక్కనూ ఒక్కొక్క పొరమీద గీయాలి. ఈ పొరలను లేయర్లు అంటారు. పలచని గాజుపలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క ముక్క గీసినట్టు ఊహించుకోండి. ఏ పలకను జరిపితే ఆ ముక్కే జరుగుతుంది. ముక్కలు కలిసేచోట అంచులు గుండ్రంగా గీసి, చేతిని మొండెం కిందికి కాస్త దూరేటట్టు పెట్టండి. లేకపోతే చెయ్యి తిరిగినప్పుడల్లా భుజం దగ్గర సందు కనిపిస్తుంది. తోలుబొమ్మలో ముడి ఎక్కడ వేస్తారో, ఆట తయారుచేసే సాఫ్ట్‌వేరులో తిరుగుడు బిందువును అక్కడ పెట్టాలి. గొడో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఇలా కీళ్ళబొమ్మలు ఆడించటానికి ఏర్పాటున్నది.

కాబట్టి గీసే సాఫ్ట్‌వేరు ఏదైనా సరే, అందులో పొరలు ఉండి తీరాలి. ఇంకొకటి కూడా ఉండాలి: పారదర్శకత. అంటే బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ నిజంగా ఖాళీగా ఉండాలి. తోలుకు రంధ్రం కొట్టినచోట వెలుతురు ఎలా వస్తుందో, బొమ్మ ఖాళీలోనుంచి వెనకతెర అలా కనిపించాలి. పాత విండోస్ పెయింట్‌లో ఈ రెండూ లేవు. అందులో గీసిన పాపను ఆటలో పెడితే, పాప చుట్టూ తెల్లని పెట్టె కూడా నడుస్తూ వస్తుంది!

దాచుకోవటంలోనూ జాగ్రత్త కావాలి. జేపెగ్ అనే పద్ధతిలో దాస్తే ఖాళీ నిలవదు. అంచులు కూడా చెదురుతాయి. ఫోటోలకు అది మంచిదే గాని ఆటబొమ్మలకు కాదు. ఆటలోకి పంపే బొమ్మను పీఎన్‌జీ పద్ధతిలో దాచండి. ఐతే పీఎన్‌జీలో పొరలన్నీ కలిసి ఒకటైపోతాయి. అందుచేత పొరలతో ఉన్న అసలు బొమ్మను ఆ సాఫ్ట్‌వేరు సొంత పద్ధతిలో వేరే దాచుకోవాలి. రేపు పాప పావడా రంగు మార్చాలంటే ఆ అసలు బొమ్మే దిక్కు.

సొంతమా, బాడుగా?

పేరుమోసిన కొన్ని సాఫ్ట్‌వేర్లను నెలనెలా బాడుగ కట్టి వాడుకోవాలి. ఫోటోషాప్ అలాటిది. పెద్ద పెద్ద సంస్థల్లో పనిచేసేవారికి అది అవసరం కావచ్చు. కాని మీ సంగతి వేరు. ఏదో ఒక నెల బాడుగ కట్టలేకపోతే, మీరు గీసిన బొమ్మలు మీ దగ్గరే ఉన్నా, వాటిని తెరిచి దిద్దుకునే పనిముట్టు ఉండదు. ఇంటికి తాళం మీది, తాళంచెవి ఇంకొకరిది అయినట్టు!

కొందరు బాడుగ తప్పించుకోవటానికి దొంగనకలు తెచ్చుకుంటారు. ఆ పని వద్దు. అది తప్పు కావటమే కాక, దొంగనకలతోబాటు కంప్యూటరును పాడుచేసే వైరస్సులు కూడా వస్తాయి. బడి కంప్యూటరు పాడైతే మీ ఒక్కరికే కాదు, బడిపిల్లలందరికీ నష్టం. నేను పైన చెప్పినవాటిలో ఏస్‌ప్రైట్, ఫోటోషాప్ తప్ప మిగతావన్నీ ఉచితంగా దొరుకుతూ ఉంటే దొంగతనం ఎందుకు?

ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్ళవారు ఇంకొక సంగతి చూసుకోవాలి. ఆ సాఫ్ట్‌వేరు ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుందా? ఇంక్‌స్కేప్, గింప్, క్రీటా, లిబ్రెస్ప్రైట్ ఒకసారి దించుకుంటే ఆ తరవాత ఇంటర్నెట్ అక్కరలేదు. పిస్కెల్ మామూలుగా ఇంటర్నెట్‌లో వాడేదైనా, దించుకునే వీలు కూడా ఉన్నది. కరెంటు పోయే ఊరైతే పది నిమిషాలకొకసారి బొమ్మను దాచుకోవటం అలవాటు చేసుకోండి.

సెల్‌ఫోను మాత్రమే ఉన్నవారు బెంగపెట్టుకోనక్కరలేదు. ఐబిస్ పెయింట్ అనే దానిలో పొరలూ ఉన్నాయి, పారదర్శకతా ఉన్నది. ఉచితంగా వాడుకుంటే మధ్యమధ్య ప్రకటనలు వస్తాయి, అంతే. మీరు స్క్రాచ్‌తో ఆట చేస్తూంటే ఇంకా సుళువు. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థవారు 2007లో పిల్లలకోసం విడుదలచేసిన ఈ స్క్రాచ్‌లో గళ్ళ బొమ్మలూ గీయవచ్చు, ముగ్గులాటి వెక్టర్ బొమ్మలూ గీయవచ్చు. మొదటి ఆటకు ఇంకొక సాఫ్ట్‌వేరే అవసరం లేదు.

అరగంట పరీక్ష

ఇంత చెప్పినా మీకు సందేహం తీరకపోవచ్చు. అప్పుడు ఈ పరీక్ష పెట్టండి. రెండు సాఫ్ట్‌వేర్లు మాత్రమే ఎంచుకుని, ఒక్కొక్కదానికి అరగంట చొప్పున కేటాయించండి. రెండింటిలోనూ ఒకే బొమ్మ, మన నీళ్ళబిందె, గీయండి.

ఒకటి: బిందెను ఒక పొరమీద, నీళ్ళను ఇంకొక పొరమీద గీయగలిగారా?

రెండు: పొరపాటు గీత గీస్తే వెనక్కు తీసుకోవటం సుళువుగా తెలిసిందా?

మూడు: ఎనిమిది రంగులు ఎంచి పక్కన పెట్టుకుని, వాటితోనే పని నడపగలిగారా?

నాలుగు: చుట్టూ ఖాళీ ఉండేటట్టు పీఎన్‌జీగా దాచి, ఆటలో పెట్టి చూడగలిగారా?

ఐదు: అంతా మూసివేసి మళ్ళీ తెరిస్తే పొరలు విడివిడిగా ఉన్నాయా?

అయిదింటికీ అవునని జవాబు వస్తే ఆ సాఫ్ట్‌వేరును తీసుకోండి. రెండూ నెగ్గితే మీ కంప్యూటరులో ఏది తేలికగా నడిస్తే అది తీసుకోండి. ఆట పూర్తయేదాకా ఇంక మార్చవద్దు. ఇది ముఖ్యం సుమా! పనిముట్లు మార్చుతూ కూర్చున్నవాడి బొమ్మ ఎప్పటికీ పూర్తికాదు.

తెర మారినా చెయ్యి మారదు

చివరగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను. పూర్వం తోలుబొమ్మలాట అంటే ఊరు ఊరంతా చాపలు చంకనపెట్టుకుని వచ్చి తెల్లవార్లూ చూసేవారు. తరవాత సినిమాలు వచ్చాయి, ఇళ్ళలోకి టీవీలు వచ్చాయి. ఆట పిలిపించేవారు తగ్గిపోయారు. నిమ్మలకుంటవారు ఏం చేశారు? ఆ తోలుతోనే, ఆ ఉలితోనే దీపపు బుడ్లకు చుట్టూ పెట్టే తొడుగులూ, గోడకు తగిలించే బొమ్మలూ చెయ్యటం మొదలుపెట్టారు. దీపం వెలిగించగానే వాటిమీద అవే పువ్వులు, అవే నెమళ్ళు వెలుగుతాయి. ఆట కూడా మానలేదు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో భారత ప్రభుత్వం పద్మశ్రీ బిరుదు ప్రకటించింది.

ఇందులో మనకు తెలిసేదేమిటి? తెర మారిపోవచ్చు, పనిముట్టు మారిపోవచ్చు. ఈనాడు మీరు నేర్చుకున్న సాఫ్ట్‌వేరు పదేళ్ళకు ఉండకనూ పోవచ్చు. కాని ఏ గీత ఉంచాలి, ఏది తీసివెయ్యాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అన్నది చేతికి వచ్చిన తరవాత ఎవరూ తీసుకుపోలేరు.

కాబట్టి ఈ సాయంత్రం ఏ సాఫ్ట్‌వేరూ తెరవకండి. లెక్కల నోటుపుస్తకంలోంచి ఒక గళ్ళ కాగితం తీసి, అడ్డంగా 16, నిలువుగా 16 గళ్ళు కొలిచి గీత గీయండి. అందులో చంకన బిందె పెట్టుకున్న పాపను గీయటానికి ప్రయత్నించండి. జడ పడుతుందా? బిందె పడుతుందా? పట్టకపోతే ఏది వదిలివేస్తారు? అది తేల్చుకున్నారంటే మీకు ఎలాటి బొమ్మ కావాలో తెలిసిపోయినట్టే. ఉలి సంగతి రేపు ఉదయం చూసుకోవచ్చు.